నల్లకోటు దుర్గాబాయమ్మ గారు

మా కాకినాడలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరెత్తితే చాలు, నెహ్రూ గారి టిక్కెట్టు కథ వచ్చేస్తుంది. 1923 డిసెంబరులో మా ఊళ్లో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. అక్కడే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు పిల్ల, టిక్కెట్టు లేకుండా లోపలికి వెళ్లబోయిన జవహర్‌లాల్ నెహ్రూని ఆపేసింది. నిర్వాహకులు కంగారు పడి పరుగెత్తుకొచ్చినా ససేమిరా అంది. చివరికి వాళ్లే టిక్కెట్టు కొని ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. ఆయన ఆ పిల్లని మెచ్చుకున్నారు. అదీ కథ.

నా చిన్నప్పుడు రామారావుపేట అరుగుల మీద ఈ కథ చెప్పని పెద్దమనిషి లేడు. అందరూ సరిగ్గా ఆ సమయానికి ఆ గుమ్మం పక్కనే నిలబడి ఉన్నారట! మా తాతయ్యతో సహా. ఆయన చేతులు తిప్పుతూ చెబుతుంటే వంటింట్లోంచి మా నాయనమ్మ, "ఆ వారమంతా ఈయనకి జ్వరం, ఇంట్లో లంఖణాలు" అనేది. తాతయ్య విననట్టు కొనసాగించేవాడు.

కథ మంచిదే. కానీ నాకు ఆ కథంటే ఎప్పట్నుంచో కాస్త చిరాకు. దాని వల్ల మన జనానికి ఆవిడ ఎప్పటికీ గేటు దగ్గర పిల్లగానే మిగిలిపోయారు. ఆ తర్వాత ఒక్కసారిగా ముసలావిడ అయిపోయి, ఆసుపత్రి గోడ మీద ఫొటోలో "సంఘసేవిక"గా కనిపిస్తారు. మధ్యలో ఒక మనిషి ఉన్నారు. నల్లకోటు వేసుకుని మద్రాసు హైకోర్టు మెట్లెక్కిన మనిషి, అక్కడి నుంచి ఢిల్లీ వెళ్లి దేశానికి రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషి. ఆ మనిషి గురించి మన అరుగుల మీద ఎవరూ మాట్లాడుకోలేదు. బతుకంతా నేనూ ఆ కోటే వేసుకున్నాను కాబట్టి నాకు ఆ ఉక్రోషం ఉంది.

మా ఇంటికి ఆవిడ పేరు వచ్చింది మా అత్తయ్య వల్ల. నాన్నకి అక్క. పెళ్లైన కొద్ది కాలానికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ పని తెల్లారకముందే లేచి మడి కట్టుకోవడం, అప్పడాలు ఒత్తడం, మా జడలు వేయడం, ఎవరైనా శుభకార్యానికి బయల్దేరుతుంటే ఎదురు రాకుండా దొడ్లోకి తప్పుకోవడం. నాలుగో ఫారంలో మానేసిన చదువు. చందమామ మాత్రం అక్షరం వదలకుండా చదివేది.

1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వాళ్లు చదువు ఆగిపోయిన పెద్దవాళ్ల కోసం ఒక కోర్సు మొదలుపెట్టారు. భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, ఏ ఆధారమూ లేనివాళ్లు రెండేళ్లు ఒకచోట ఉండి చదువుకుని మెట్రిక్ పరీక్షకి కూర్చోవచ్చు. ఆ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి గారే. మద్రాసులో ఆవిడ పెట్టిన ఆంధ్ర మహిళా సభలో అలాంటి క్లాసులు ఉన్నాయని నాన్నకి ఎవరో చెప్పారు. ఇంట్లో పెద్ద రభస. విధవాడపిల్లని మద్రాసు పంపిస్తావా అని తాతయ్య, నలుగురూ ఏమంటారని నాయనమ్మ. నాన్న మాట్లాడే మనిషి కాదు. ఒక రోజు సాయంత్రం అత్తయ్య ట్రంకుపెట్టె జట్కాలో పెట్టించి, సామర్లకోట తీసుకెళ్లి మద్రాసు మెయిలెక్కించి తనూ ఎక్కాడు. తాతయ్య చాలా రోజుల పాటు నాన్నతో పలకలేదు.

రెండేళ్ల తర్వాత తిరిగొచ్చిన అత్తయ్య వేరు. ట్రంకుపెట్టెలో మెట్రిక్ సర్టిఫికెట్టు, హిందీలో రాష్ట్రభాష పరీక్ష పాసైన కాగితం. నోట్లో నాలుగు అరవ ముక్కలు. ఆ తర్వాత టీచరు ట్రైనింగు, జగన్నాథపురం దగ్గర ఉద్యోగం. మొదటి జీతం తెచ్చి నాయనమ్మ చేతిలో పెడితే ఆవిడ తీసుకోలేదు, దేవుడి గూట్లో పెట్టమంది. రెండో నెల నుంచి మాత్రం ఒకటో తారీకు రాగానే "జీతాలిచ్చారటే?" అని తనే అడిగేది.

అత్తయ్య ఎప్పుడూ "దుర్గాబాయమ్మ గారు" అనేది. అప్పటికే ఆవిడ కాపురం ఢిల్లీలో. మద్రాసుకి వచ్చినప్పుడు సభకి వచ్చేవారట, అత్తయ్య దూరం నుంచి చూసింది, అంతే. కానీ ఆవిడ చరిత్ర అంతా అత్తయ్యకి కంఠోపాఠం. నాకు రాత్రుళ్లు మడతమంచం మీద చెప్పిన కథల్లో సగం రామాయణం, సగం దుర్గాబాయమ్మ గారు.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. చదువు, ఆటా పాటా అన్నీ కాకినాడలోనే. ఎనిమిదేళ్లకి పెళ్లి చేసేశారు. ఊహ వచ్చాక, ఈ కాపురం నేను చేయలేను, మీరు మరో పెళ్లి చేసుకోండి అని ఆ భర్తకే చెప్పేశారు. ఆ మాట చెప్పడం ఒక ఎత్తు, తండ్రీ తమ్ముడూ ఆ మాటకి అండగా నిలబడడం మరో ఎత్తు. అత్తయ్య ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగేది.

తర్వాత 1921 ఏప్రిల్, గాంధీ గారి రాక. అప్పటికి ఆవిడకి పన్నెండేళ్లు నిండలేదు. గాంధీ గారు దేవదాసీలతోనూ, ఘోషాలో ఉండే ముస్లిం ఆడవాళ్లతోనూ మాట్లాడాలని ఆ పిల్ల పంతం పట్టింది. ఆయనకి తీరిక లేదు, అయిదు వేల రూపాయల నిధి తెస్తే పది నిమిషాలు ఇప్పిస్తామని పెద్దలన్నారు. తేలేదులే అనుకునే అని ఉంటారు. దేవదాసీలే ఆ డబ్బు పోగు చేసి ఇచ్చారు. పది నిమిషాలకని వచ్చిన గాంధీ గారు చాలాసేపు ఉండిపోయారు. ఆడవాళ్లు ఒంటి మీది గాజులూ గొలుసులూ ఒలిచి ఇచ్చారు. ఆయన హిందీలో మాట్లాడితే తెలుగులో చెప్పింది ఆ పిల్లే. ఆ తర్వాత టౌన్ హాల్ సభలో కూడా, పెద్ద పెద్ద నాయకులుండగా, ఈ అమ్మాయే చెప్పాలని గాంధీ గారు పిలిపించుకున్నారు. బడి మానేసి తను హిందీ నేర్చుకుని, ఊళ్లో ఆడవాళ్లకి నేర్పడానికి చిన్న హిందీ పాఠశాల పెట్టిన పిల్లకి అదేమంత కష్టం కాదు. ఆ పాఠశాలలో ఆవిడ తల్లి కూడా విద్యార్థే.

ఇవన్నీ అందరూ చెప్పుకునేవే. నాకు అసలైన మలుపుగా తోచేది మాత్రం జైలు.

1930 ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో అరెస్టై వేలూరు జైలుకి వెళ్లారు. అక్కడ రాజకీయ ఖైదీల పక్కనే మామూలు నేరాల మీద శిక్ష పడ్డ ఆడవాళ్లు ఉండేవారు, హత్య కేసుల్లో ఉన్నవాళ్లతో సహా. తెలుగువాళ్లే ఎందరో. వాళ్లతో మాట్లాడితే తేలిందేమిటంటే, చాలామందికి తమ మీద మోపిన నేరమేమిటో తెలియదు. కోర్టులో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తెలియదు. ఎవరో ఒప్పుకోమంటే ఒప్పుకున్నారు, వేలిముద్ర వేయమంటే వేశారు. చదువు రాదు, ప్లీడరుని పెట్టుకునే డబ్బు లేదు, వెనకాల నిలబడే మగదిక్కు లేదు. తను లాయరు కావాలని ఆవిడ అనుకున్నది ఆ జైల్లోనే. ఇంకోసారి జైలుకి వెళ్లినప్పుడు మదురైలో ఒంటరి గదిలో పెట్టారు. ఉరిశిక్ష పడ్డ ఖైదీల గదులు పక్కనే. ఆ జైలు ఆవిడ ఆరోగ్యాన్ని, నరాల్ని పీల్చేసింది.

బయటికొచ్చి ఆవిడ మళ్లీ ఉద్యమంలోకి దూకి ఉంటే ఇంకో నాయకురాలు అయ్యేవారు. అలా చేయలేదు. పాతికేళ్ల వయసులో, ఒంట్లో సత్తువ లేని స్థితిలో, మెట్రిక్‌కి పుస్తకాలు పట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా పాసయ్యారు. ఇంటర్ అయ్యాక బి.ఎ. ఆనర్సుకి వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వెళితే, ఆడపిల్లలకి హాస్టలు లేదు, ఎలా చేర్చుకుంటామని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు సందేహించారు. ఈవిడ పేపర్లో ప్రకటన ఇచ్చి, హాస్టలు లేక చదువు మానుకున్న మరికొందరు అమ్మాయిల్ని పోగు చేసి, హాస్టలు నడిపించి చూపించారు. రాజనీతిశాస్త్రంలో ఆనర్సు అయ్యాక మద్రాసులో లా. 1942లో మద్రాసు బార్‌లో చేరారు.

నేను వాల్తేరులో లా చదివిన రోజుల్లో ఆడపిల్లల హాస్టల్లోనే ఉన్నాను. పప్పులో నీళ్లెక్కువని వార్డెన్‌తో మేము చేసిన యుద్ధాలకి లెక్కలేదు. ఒకసారి సెలవులకి ఇంటికొచ్చి ఆ పప్పు గురించి ఏకరువు పెడుతుంటే అత్తయ్య, "అసలు అక్కడ ఆడపిల్లలకి హాస్టలంటూ ఎలా వచ్చిందో తెలుసునటే?" అని అడిగి, పై కథంతా చెప్పింది. నా ఫీజులు కట్టింది కూడా అత్తయ్యే. నాన్న జీతం తమ్ముళ్ల చదువులకే చాలేది కాదు.

ఇక కోర్టు. నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో మా బార్‌లో ఆడవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సీనియర్ గారు మంచివారు. "ఏమ్మా, మనోవర్తి కేసులు నువ్వు చూసుకో, నీకైతే వాళ్లు మనసు విప్పి చెబుతారు" అని ఆ కట్టలన్నీ నా బల్ల మీద పడేసేవారు. అది మెచ్చుకోలో, వదిలించుకోవడమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక రోజు తాళ్లరేవు వైపు నుంచి ఒకామె వచ్చింది. మొగుడి తరఫువాళ్లు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ కాగితం మీద తర్వాత ఏం రాసుకున్నారో కోర్టులో చదివి వినిపించేదాకా ఆమెకి తెలియదు. ఆస్తి వద్దు, మనోవర్తి వద్దు, తన ఇష్టపూర్వకంగానే పుట్టింటికి వెళ్లిపోయాను అని ఉంది. ఆ సాయంత్రం అత్తయ్యకి చెబితే, "వేలూరు జైలు ఇంకా అలాగే ఉందన్నమాట" అంది. ఆ కేసు గెలవడానికి చాలా వాయిదాలు పట్టింది కానీ గెలిచాం.

మా బార్ లైబ్రరీలో అడుగు అరలో రాజ్యాంగసభ చర్చల సంపుటాలు ఉండేవి. చెదలు ముట్టుకోలేదు గాని, మనుషులు అంతకన్నా ముట్టుకోలేదు. వాయిదాల మధ్య పిలుపు కోసం ఎదురుచూసే సమయంలో నేను వాటిని చదవడం మొదలుపెట్టాను. అందులో ఆవిడ పేరు "శ్రీమతి జి. దుర్గాబాయి" అని ఉంటుంది. అప్పటికింకా దేశ్‌ముఖ్ కాలేదు. పుట్టింటి పేరు గుమ్మిడిదల.

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికయ్యారు. ఆ మహాసభలో ఆడవాళ్లు మొత్తం పదిహేనుమంది. మద్రాసు నుంచి ఈవిడా, అమ్ము స్వామినాథన్, దాక్షాయణి వేలాయుధన్. ఎదురుగా చూస్తే అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మున్షీ, అంబేద్కర్, అయ్యంగార్లు! న్యాయశాస్త్రంలో తలలు పండిన మహామహులు. ఈవిడకి బార్‌లో అనుభవం నాలుగేళ్లు. నేను ఆవిడ స్థానంలో ఉంటే నోరు విప్పకుండా కూర్చునేదాన్ని. ఆవిడ స్టీరింగ్ కమిటీలో ఉన్నారు, అధ్యక్షస్థానంలో కూర్చునే వారి జాబితాలో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆవిడ. ప్రతిపాదించిన సవరణలు 750 దాకా ఉంటాయని చెబుతారు.

వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మత స్వేచ్ఛ గురించిన అధికరణం, ఇప్పటి 25వది. హిందూ దేవాలయాల తలుపులు తెరిపించే చట్టాలు చేసుకోవచ్చు అని అందులో ఒక క్లాజు. ముసాయిదాలో "ఏ తరగతికైనా, ఏ వర్గానికైనా" తెరవొచ్చు అన్నట్టు ఉంది. దాన్ని "అన్ని తరగతులకూ, అన్ని వర్గాలకూ" అని మార్చమని 1948 డిసెంబరులో ఈవిడ సవరణ పెట్టారు. మామూలు మనిషికి రెండూ ఒకటే. ప్లీడరుకి కాదు. మొదటి రకంగా ఉంటే ఎవడో ఒకడు కోర్టుకొచ్చి, ఫలానా వర్గానికి తెరిచాం కదా, చట్టం నెరవేరింది కదా, మిగతావాళ్లని ఎందుకు రానివ్వాలి అని వాదిస్తాడు. ఆ వాదన పుట్టకముందే దాని పీక నొక్కేశారు. ఇవాళ రాజ్యాంగంలో ఆవిడ అన్న మాటే ఉంది. ఎదుటి ప్లీడరు రేపు ఏ సందులోంచి దూరతాడో ఇవాళే చూడడం కోర్టులో నేర్చిన విద్య. ఈ సంగతి మా సీనియర్ గారికి చూపిస్తే కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "గట్టి డ్రాఫ్టింగ్" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

రాజ్యసభ సభ్యత్వానికి 35 ఏళ్లుండాలని ముసాయిదా అంటే, 30 చాలని సవరణ పెట్టి నెగ్గించారు. తెలివి వయసుని బట్టి రాదు అన్నది ఆవిడ వాదన. పన్నెండేళ్లు నిండకుండా గాంధీ గారి ఉపన్యాసాన్ని తెలుగు చేసిన మనిషి ఆ మాట అనకపోతే ఎవరంటారు?

భాష మీద చర్చ రోజు, 1949 సెప్టెంబరు 14న, ఆవిడ చేసిన ప్రసంగాన్ని నేను ఇంటికి రాసుకొచ్చి అత్తయ్యకి తెలుగులో చెప్పాను. దక్షిణాదిలో హిందీని నెత్తిన పెట్టుకున్న మొదటి తరం మనిషి ఆవిడ. అలాంటి మనిషి లేచి, మేమంత ఉత్సాహంగా హిందీ నేర్చుకుంటే మీరు దాన్ని ఇలా రుద్దుతారా, ఈ అతి ప్రచారం వల్ల నాలాంటి హిందీ అభిమానుల మద్దతు కూడా పోగొట్టుకుంటారు అని మొహం మీదే చెప్పేశారు. ఆవిడ కోరింది హిందుస్థానీని, అంటే హిందీ ఉర్దూ కలిసిన వాడుక మాటని. సభ చివరికి దేవనాగరి లిపిలో హిందీ వైపు వెళ్లింది. రాష్ట్రభాష పాసైన మా అత్తయ్య అంతా విని, "నేర్చుకున్నవాళ్లకే ఆ మాట అనే హక్కుంటుంది" అంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, హిందీ గొడవ పేపర్లో వచ్చినప్పుడల్లా అత్తయ్య ఈ ప్రసంగాన్ని ఎత్తుకునేది, తనే చేసినంత ధాటిగా.

రాజ్యాంగం వచ్చాక తాత్కాలిక పార్లమెంటులోనూ ఉన్నారు. హిందువుల పెళ్లి, ఆస్తి చట్టాల్ని మార్చే హిందూ కోడ్ బిల్లు మీద పెద్ద యుద్ధం జరిగిన కాలం అది. ఆడపిల్లకి ఆస్తిలో హక్కుండాలని ఈవిడ గట్టిగా నిలబడ్డారు. బిల్లు ముందుకు కదలక 1951లో అంబేద్కర్ గారు మంత్రి పదవే వదులుకున్నారు. 1952 ఎన్నికల్లో దుర్గాబాయి గారు ఓడిపోయారు. వారసత్వ చట్టం 1956లో వచ్చేనాటికి ఆవిడ సభలో లేరు. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు నుంచి ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చినప్పుడు, దేశమంతటికీ అది రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు ఉంది. ఆ చట్టం వచ్చిన కొత్తలో మా ఆఫీసు వరండా నిండా ఆడవాళ్లే. ఆస్తి అడిగితే అన్నదమ్ములు పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనని భయం. సగంమంది వివరాలన్నీ కనుక్కుని, వకాల్తా మీద సంతకం పెట్టకుండానే వెళ్లిపోయేవారు. వాళ్లని తప్పు పట్టలేం. పండక్కి పిలిచే ఇల్లు కూడా ఒక ఆస్తే మరి.

ఎన్నికల్లో ఓడిపోయాక నెహ్రూ గారు ఆవిడని ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సంక్షేమ పనులకి నాలుగు కోట్లు పెట్టించి, 1953 ఆగస్టులో సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పాటైతే దానికి అధ్యక్షురాలయ్యారు. మా అత్తయ్య మెట్రిక్ ఆ బోర్డు పుణ్యమే. అదే ఏడాది జనవరి 22న ఆర్థిక మంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారితో రిజిస్టరు పెళ్లి. సాక్షి సంతకం పెట్టినవారిలో నెహ్రూ గారు ఒకరు. మా నాయనమ్మకి ఈ పెళ్లి సంగతి ఒక పట్టాన మింగుడు పడలేదు. "మరాఠీ ఆయనా? రెండో పెళ్లా? దండలు మార్చుకుంటే అయిపోయిందా?" అని ఒక్కొక్కటీ అడిగి, అన్నిటికీ ఔననే అత్తయ్య జవాబు విని, "పోనీలే, ఆయన నోట్ల మీద సంతకం పెట్టేవాడట కదా" అని సరిపెట్టుకుంది. రిజర్వు బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరు ఆయన. నాయనమ్మకి ఆ ముక్క ఎవరు చెప్పారో! 1975లో ఇద్దరికీ ఒకే ఏడు పద్మవిభూషణ్ వచ్చింది.

ఆ తర్వాత ఆవిడ చేసినవి ఏకరువు పెడితే ఈ రాత తెగదు. 1958లో స్త్రీ విద్య మీద జాతీయ కమిటీకి అధ్యక్షత, ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలి, హైదరాబాద్ విద్యానగర్లో ఆసుపత్రి, ఉస్మానియా పక్కన మహిళా సభ కాలేజీ. మద్రాసులో రోడ్డుకి ఆవిడ పేరు. ఢిల్లీ మెట్రోలో పింక్ లైను మీద స్టేషనుకీ ఆవిడ పేరే. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కూతురు రోజూ ఆ స్టేషన్లో దిగుతుంది. "అత్తా, ఈవిడ మన తెలుగావిడట, తెలుసా?" అని ఫోన్ చేసింది. తెలుసునని చెప్పి, అరగంట వదల్లేదు. పాపం, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి, ఫ్యామిలీ కోర్టుల సంగతి. 1953లో చైనా వెళ్లినప్పుడు కుటుంబ తగాదాలకి అక్కడి కోర్టులు పనిచేసే తీరు చూసి వచ్చి, మనకీ అలాంటివి కావాలని నెహ్రూ గారితోనూ, బొంబాయి హైకోర్టు జడ్జీలు చాగ్లా, గజేంద్రగడ్కర్ గార్లతోనూ మాట్లాడారు. చట్టం వచ్చేసరికి 1984. ఆవిడ 1981 మే 9న పోయారు. సివిల్ కోర్టులో భూమి తగాదాకీ మొగుడూపెళ్లాల తగాదాకీ ఒకటే పద్ధతి. దావా, జవాబు దావా, సాక్షులు, అడ్డు ప్రశ్నలు. చావిట్లో పాలేరు ముందు చెప్పుకోలేని మాటలు నిండు కోర్టులో చెప్పించేవాళ్లం. ఫ్యామిలీ కోర్టులో ముందు రాజీకి ప్రయత్నించాలి, కౌన్సిలర్లు ఉంటారు, జడ్జీల నియామకంలో ఆడవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వాలి.

అత్తయ్య ఈ చట్టం సంగతి విన్నాక చాలా ప్రశ్నలు వేసింది. ఎక్కడ పెడతారు, ఫీజెంత, చంటిపిల్లలతో వచ్చిన తల్లులు ఎక్కడ కూర్చుంటారు. టీచరు కదా. రిటైరయ్యాక తన పింఛనులోంచి ప్రతి జూన్‌లో ఎవరో ఒక పిల్లకి పుస్తకాలు కొనిపెట్టేది. తొంభై దాటి, మొన్న కోవిడ్ తర్వాతే పోయింది. ఆఖరి రోజుల్లో నన్ను గుర్తుపట్టేది కాదు గాని, ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అని పరీక్షల పేర్లు మాత్రం వరసగా చెప్పేది.

ఈ మధ్య మా బార్‌లో జూనియర్లు మహిళా దినోత్సవానికి నన్ను మాట్లాడమన్నారు. శాలువా, బొకే, తర్వాత మైకు. నేను దుర్గాబాయి గారి గురించి మొదలుపెట్టాను. ముందు వరసలో ఒకరిద్దరు నెహ్రూ టిక్కెట్టు కోసం నవ్వు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. నేను ఆ ఊసే ఎత్తలేదు. వేలూరు జైలు చెప్పాను, 25వ అధికరణం చెప్పాను, చివర్న ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ చదివాను. ఆ కోర్టులో కక్షిదారుకి లాయరుని పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతి ఉండాలి. తన మాట తనే చెప్పుకోవచ్చు.

హాల్లో కాస్త కలకలం. వెనక నుంచి ఒక కుర్ర లాయరు లేచాడు. "అయితే మేడమ్, ఇంత పెద్ద లాయరు గారు అడిగి తెప్పించిన కోర్టులో మనకే ఎంట్రీ లేదా? మన పొట్ట కొట్టింది ఆవిడేనా?"

"అవునయ్యా, ఆవిడే" అన్నాను.

అందరికంటే గట్టిగా నవ్వింది మా సీనియర్ గారి మనవడు. వాడి చేతిలో ఉన్నవన్నీ విడాకుల కేసులే.